పండగ భోజనానికి వీగన్‌గా వెళ్తున్నారా? మాటలన్నీ ముందే అయిపోవాలి

మీరు ఈ ఏడాదే మాంసం, గుడ్లు, పాలు, తేనె అన్నీ మానేశారు. పండక్కి అత్తగారింట్లో ఇరవై మంది దాకా కలుస్తున్నారు. వెళ్లి నాలుగు కీరదోస ముక్కలు తిని రావాలా, ఏదో ఒక సాకు చెప్పి ఆగిపోవాలా అని అడిగారు. చివర్లో "అత్తయ్యగారు నొచ్చుకుంటారేమో" అని ఒక మాట రాశారు. మీ టెన్షన్ అంతా అక్కడే ఉందనిపించింది. అందుకే జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

వెళ్లండి. కడుపునిండా తినే వస్తారు. నేను వీగన్‌గా మారి చాలా ఏళ్లయింది. ఇలాంటి భోజనాలకు అతిథిగా వెళ్లాను, పెద్ద గుంపులకు నేనే వండిపెట్టాను కూడా. నేను చూసినంతలో, పండగ రోజు భోజనాల బల్ల దగ్గర వచ్చే మనస్పర్థల్లో చాలావాటికి కారణం ఒక్కటే: వండేవాళ్లకు విషయం ఆలస్యంగా తెలియడం. వంటంతా అయిపోయాక, ఆవిడ వడ్డించే గరిటె పట్టుకుని నిలబడ్డప్పుడు "ఇందులో వెన్న వేశారా?" అని ఎంత మెత్తగా అడిగినా, తప్పు పట్టినట్టే వినిపిస్తుంది. అదే మాట నాలుగు రోజుల ముందు అడిగితే మామూలు కబుర్లలో కలిసిపోతుంది.

కాబట్టి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టొద్దు, ఇంట్లోవాళ్లతో కబురు చెప్పించొద్దు. మధ్యలో ఇంకొకరు చేరితే "మీ వంట తినడట" అన్నట్టుగా మారిపోయి చేరుతుంది. ఫోన్‌లో సిద్ధాంతం జోలికి వెళ్లకండి. జంతువుల గురించి మీకెంత బాధ ఉన్నా, ఆ సంభాషణ ఇప్పుడు కాదు. ఇరవై మందికి వండాల్సిన మనిషికి ఆ క్షణంలో కావాల్సింది ఒకటే: తన పని ఎంత పెరుగుతుంది, ఏం తగ్గుతుంది. "అత్తయ్యా, ఈసారి ఏమేం చేస్తున్నారు?" అని అడిగి వినండి. ఆవిడ వరసగా చెప్తారు. వింటూనే "అయితే అన్నం, వేయించిన కూరగాయలు, పప్పు నేను తినేస్తాను. పప్పులో చివర్లో మీగడ వేస్తారు కదా, అది వేయకముందు నాకో గిన్నెలో తీసి పెడతారా? ఇంకో పెద్ద కూర నేనే చేసుకొస్తాను, అందరికీ సరిపోయేలా" అనండి. చూడండి, ఇందులో మీరు ఆవిడని అదనంగా ఒక్కటి కూడా వండమనలేదు. పైగా ఒక కూర పని తగ్గించారు.

ఆ "వేయకముందు తీసి పెట్టడం" మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో ఈ జవాబు మొత్తంలో బాగా పనికొచ్చేది అదే. పండగ వంటల్లో చాలావరకు చివరి మెట్టు దాకా వీగన్‌గానే ఉంటాయి. పప్పు ఉడుకుతుంది, ఉల్లిపాయలు నూనెలో ఎర్రగా వేగుతాయి, టమాటా మగ్గుతుంది, ఉప్పూ కారం పడతాయి. అప్పటిదాకా అందులో పాల చుక్క లేదు. ఆ తర్వాతే రుచి కోసం ఒక చెంచా వెన్నో, అర కప్పు మీగడో పడుతుంది. సరిగ్గా అంతకు ముందు రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టేస్తే మీ వాటా తయారు. కుదిరితే ఆ పూట కాస్త ముందుగా వెళ్లి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మీరే ఆ పక్కన ఉండండి. వంట హడావిడిలో ఆవిడ మర్చిపోవడం చాలా సహజం. మీరు అక్కడ ఉంటే "అత్తయ్యా, ఇప్పుడు తీసేయనా?" అనడానికి ఒక్క సెకను చాలు. తీసిన గిన్నెలో మీరు వెంట తెచ్చుకున్న జీడిపప్పు ముద్ద ఒక చెంచా కలిపితే, వాళ్ల పప్పుకీ మీ పప్పుకీ చిక్కదనంలో పెద్ద తేడా ఉండదు.

ఇక మీరు తీసుకెళ్లే వంటకం. ఇక్కడ కొత్తగా వీగన్ అయినవాళ్లు తమ ఒక్కరికే చిన్న డబ్బాలో కట్టుకెళ్తారు. నేను ఒప్పుకోను. చిన్న డబ్బా మిమ్మల్ని బల్ల దగ్గర పేషెంట్‌లా కూర్చోబెడుతుంది. అందరికీ సరిపోయేంత చేయండి, బల్ల మధ్యలో పెట్టండి, అది వీగన్ అని ఎవరికీ ప్రకటించకండి. రుచిగా ఉంటే దానంతటదే అయిపోతుంది. ఎంత త్వరగా అయిపోతుందంటే, మీరు పళ్లెం పట్టుకుని వచ్చేసరికి అడుగంటిన గ్రేవీ తప్ప మిగలకపోవచ్చు. మిగతావాళ్లకు అది పది వంటకాల్లో ఒకటి. మీకు అదే భోజనం. కాబట్టి మొహమాటపడకుండా ముందుగానే మీ వాటా తీసి వంటింట్లో పక్కన పెట్టుకోండి. ఇది స్వార్థం అనుకోవద్దు. మీరు ఆకలితో కూర్చుంటే ఎక్కువ బాధపడేది మీ అత్తయ్యగారే.

ఏం చేయాలి? సలాడ్ వద్దు, పచ్చి కూరగాయలతో చేసేది ఏదీ వద్దు. కడుపు నిండేది కావాలి, అంటే ప్రొటీనూ కొవ్వూ రెండూ ఉండాలి. చల్లారినా రుచి తగ్గకూడదు, ఎందుకంటే పండగ రోజు ఆ ఇంట్లో పొయ్యి కూడా, ఓవెన్ కూడా మీకు ఖాళీగా దొరకవు. నేను ఎక్కువసార్లు కాబూలీ శనగలు, పుట్టగొడుగులు కలిపి చిక్కటి కూర చేసి తీసుకెళ్తాను. అర కిలో ఎండు శనగలు రాత్రంతా నానబెట్టి ఉడికిస్తే కిలో పైనే అవుతాయి. అర కిలో పుట్టగొడుగులు, టమాటా, ఉల్లిపాయ, జీడిపప్పు ముద్ద చేరితే, ఇంకో పది రకాలుండే బల్ల మీద ఇరవై మందికి తలా ఒక గరిటె వస్తుంది.

వీగన్ వంట తిన్నవాళ్లు "బాగానే ఉంది కానీ ఏదో తక్కువైంది" అంటుంటారు. ఆ తక్కువైనదేమిటో తెలిస్తే సగం పని అయినట్టే. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు పాచి రసం నుంచి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మాంసం పులుసులోనూ, పాతబడిన చీజ్‌లోనూ నాలుకకు పట్టుకునేది ఎక్కువగా ఈ రుచే. ఇది మొక్కల్లోనూ ఉంది. బాగా పండిన టమాటాలో, సోయా సాస్‌లో గ్లూటమేట్ పుష్కలం. ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అనే ఇంకో పదార్థం ఉంటుంది, అది గ్లూటమేట్‌తో కలిసినప్పుడు రుచి రెండింటి మొత్తం కన్నా ఎక్కువగా తెలుస్తుంది. అందుకే నా కూరలో టమాటా పేస్టును నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తాను, చివర్లో ఒక చెంచా సోయా సాస్ పోస్తాను. తిన్నవాళ్లకు సోయా సాస్ వాసన తెలియదు, లోతు మాత్రం తెలుస్తుంది.

రెండోది వేయించడం. పుట్టగొడుగులు మూకుడు నిండా పోస్తే నీరు వదిలి ఆ నీళ్లలోనే ఉడుకుతాయి. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. గోధుమ రంగు రావడానికి, ఆ కమ్మటి వాసన పుట్టడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. కాబట్టి వెడల్పాటి మూకుడులో, పెద్ద మంట మీద, కొంచెం కొంచెంగా వేయించండి. కదపకుండా కాసేపు వదిలేయండి. అంచులు ముదిరి, చప్పుడు చిటపటల్లోకి మారినప్పుడు తిప్పండి. మూడు నాలుగు వాయిలు వేయించాలంటే విసుగే, కానీ మాంసం తినేవాళ్లు రెండోసారి వడ్డించుకునేది ఈ వేపుడు వాసన కోసమే. చివర్లో నిమ్మరసం మర్చిపోవద్దు. పాలు, మీగడ లేని కూరకు పులుపు అందితేనే రుచి తేలుతుంది.

వాళ్లింట్లోని వంటకాలనే మార్చి చేయాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. మీగడ బదులు జీడిపప్పు: మరిగే నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లతో వేళ్ల మధ్య పలుకు తగలనంత మెత్తగా రుబ్బాలి. గింజల అలర్జీ ఉన్నవాళ్లు వస్తున్నారా అని ముందే తప్పకుండా అడగండి. ఉంటే పొద్దుతిరుగుడు గింజలతో ఇలాగే చేయొచ్చు, రంగు కాస్త మారుతుంది. వెన్నలో దాదాపు 80 శాతమే కొవ్వు, మిగతాది ఎక్కువగా నీరు. అందుకే కేకులో కప్పు వెన్న బదులు కప్పు నూనె పోస్తే జిడ్డుగా అవుతుంది, ముప్పావు కప్పు చాలు. మామూలుగా దొరికే మొక్కల పాలలో ప్రొటీన్ విషయంలో ఆవు పాలకు దగ్గరగా వచ్చేవి సోయా పాలు, కప్పుకు 7 గ్రాముల దాకా ఉంటుంది. బాదం పాలలో దాదాపు 1 గ్రామే, పల్చగా కూడా ఉంటాయి. ఓట్ పాలు సాస్‌లకు బాగా కుదురుతాయి. ఏవి కొన్నా ప్యాకెట్ మీద చక్కెర కలపనివో కాదో చూడండి. వనిల్లా కలిపిన తియ్యటి పాలు ఉప్పు వంటకంలో పడితే ఇక ఆ గిన్నెను ఎవరూ కాపాడలేరు.

గుడ్డు దగ్గర చాలామంది తికమకపడతారు. అది ఆ వంటకంలో ఏ పని చేస్తోందో ముందు చూడాలి. కట్లెట్లలో, మామూలు కేకులో అంటించే పని అయితే ఒక చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచండి, జిగురుగా అవుతుంది, ఒక గుడ్డుకు సరిపోతుంది. పెద్ద చెంచాతోనే కొలవాలి. తెల్లసొనను నురగలా గిలక్కొట్టాల్సిన తీపి వంటకాల్లో అవిసె పనిచేయదు. అక్కడ శనగలు ఉడికించిన నీళ్లు వాడాలి. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి ఆయన ఈ నీళ్లు తెల్లసొనలాగే నురగ కడతాయని కనిపెట్టారు. మరుసటి ఏడు అమెరికాలో గూస్ వోల్ట్ అనే ఆయన దీంతో మెరాంగ్ (మామూలుగా తెల్లసొన నురగతో చేసే తీపి వంటకం) చేసి చూపించి, ఆక్వాఫాబా అని పేరు పెట్టారు. మూడు పెద్ద చెంచాలు ఒక గుడ్డుకు సమానం. ఇంట్లో ఉడికించిన నీళ్లు పల్చగా ఉంటే సన్నమంట మీద మరిగించి తెల్లసొనంత చిక్కగా చేసి, చల్లారాక గిలక్కొట్టండి. నురగ రావడానికి మిక్సర్‌తో పది నిమిషాల దాకా పడుతుంది, మధ్యలో వదిలేయొద్దు.

బజారు నుంచి తెచ్చినవాటిలో దాగి ఉండేవి కొన్ని ఉన్నాయి. సూప్ క్యూబ్‌లలో మాంసం సారం, చిప్స్ మీద చల్లే మసాలాలో పాల విరుగుడు పొడి, జెల్లీ మిఠాయిల్లో జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జెలటిన్, ఎర్ర రంగు మిఠాయిల్లో పురుగుల నుంచి వచ్చే కార్మైన్ (లేబుల్ మీద ఈ-120), మెరిసే పూతల్లో పురుగుల నుంచే వచ్చే లక్క (ఈ-904), వూస్టర్ సాస్‌లో చేపలు. "నాన్-డైరీ" అని రాసిన కాఫీ పొడుల్లోనూ సోడియం కేసినేట్ ఉండొచ్చు, అది పాల నుంచి తీసిన ప్రొటీనే. మరోపక్క అనవసరంగా భయపడేవీ ఉన్నాయి. కోకో బటర్, పీనట్ బటర్ పేరుకే బటర్లు, మొదటిది పూర్తిగా మొక్కల కొవ్వు, రెండోది వేరుశనగ ముద్ద. లాక్టిక్ యాసిడ్ సాధారణంగా మొక్కల చక్కెరలను పులియబెట్టి చేసేదే. "పాలు ఉండే అవకాశం ఉంది" అన్న చిన్న అక్షరాలు అలర్జీ ఉన్నవాళ్ల కోసం పెట్టే హెచ్చరిక, అందులో పాలు కలిపారని కాదు. ఇదంతా మీ ఇంట్లో, కొనేటప్పుడు చూసుకోవాల్సిన పని. అత్తయ్యగారి వంటింట్లో నిలబడి ఒక్కో డబ్బా తిప్పి చదవొద్దు. అనుమానం ఉన్నది మీ పళ్లెంలో వేసుకోకపోతే సరిపోతుంది.

ఆ రోజు సంగతి. కొంచెం ఏదైనా తినే బయల్దేరండి, ఆకలి మీద ఉన్నప్పుడు ఓపిక తక్కువ. వడ్డన మొదలయ్యేముందు మీ వంటకం గిన్నెలో దానికంటూ ఒక గరిటె పెట్టండి, లేకపోతే మీగడ కూరలోది ఇందులోకి వచ్చేస్తుంది.

తర్వాత ఎవరో ఒకరు, సాధారణంగా మీ మీద బాగా ప్రేమ ఉన్నవాళ్లే, పిన్నిగారో అమ్మమ్మగారో, మిఠాయి తెచ్చి "ఒక్కటి తింటే ఏమవుతుంది?" అంటారు. ఇక్కడ "వద్దు" అని ఊరుకుంటే ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోతుంది. వాళ్లకు కావాల్సింది మీరు వాళ్ల చేతి వంట తినడం. కాబట్టి అది వద్దంటూనే ఇంకొకటి అడగండి: "పిన్నీ, పాలు మానేశాను కదా, ఇది వద్దు. ఆ వేయించిన బంగాళాదుంపలు భలే ఉన్నాయి, ఇంకాస్త వేస్తావా?" ఆవిడ మొహం మీరే చూస్తారు. ఫోన్‌లో ముందే ఏ వంటకాన్ని రెండోసారి అడగొచ్చో తెలుసుకుని ఉండటం వల్ల ఇది కుదురుతుంది. నిజంగా నచ్చినదాన్నే అడగండి, అబద్ధపు పొగడ్త పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్నలు వస్తాయి. "ప్రొటీన్ ఎలా మరి?" అన్నదానికి పప్పులు, శనగలు, సోయా అని ఒక్క ముక్కలో చెప్పేయండి. ఆరోగ్యం గురించి నిజంగా దిగులుపడే మామయ్యగారు ఉంటే ఆయనకు నిజమే చెప్పండి: మొక్కల ఆహారంలో విటమిన్ బి12 నమ్మకంగా దొరకదు, అందుకే మాత్ర వేసుకుంటున్నాను అని. ఇంకా వేసుకోకపోతే మొదలుపెట్టండి, ఇది వీగన్లు ఎవరూ వదిలేయకూడని విషయం. సరిగ్గా ప్లాన్ చేసుకున్న వీగన్ ఆహారం పెద్దవాళ్లకు పోషణ విషయంలో సరిపోతుందని అమెరికాలోని అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ చాలా కాలంగా చెప్తోంది. "సరిగ్గా ప్లాన్ చేసుకున్న" అన్న భాగాన్ని మింగేయకుండా చెప్పడం మీ బాధ్యత. "అసలెందుకు మానేశావు?" అని పళ్లెంలో మాంసం పెట్టుకున్న మనిషి అడిగితే మాత్రం అప్పుడే జవాబు చెప్పకండి. "తిన్నాక కూర్చుని చెప్తాను బావా" అనండి, తర్వాత నిజంగానే కూర్చుని చెప్పండి. ఆసక్తితో అడిగినవాళ్లు గుర్తుపెట్టుకుని వస్తారు, ఆటపట్టించడానికి అడిగినవాళ్లు మర్చిపోతారు.

మీరు రాయలేదు కానీ ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది మీరు ప్రేమించేవాళ్లు మాంసం తింటూ నవ్వుతుంటే చూడటం కష్టంగా ఉంటుంది. అది బలహీనత కాదు, మీకు ఈ విషయం నిజంగా పట్టింది కాబట్టే. పెద్ద మాంసం పళ్లేనికి ఎదురుగా కాకుండా చివర్లో, పిల్లల పక్కన కూర్చోండి. మరీ భారమైతే లేచి వెళ్లి వంటింట్లో నీళ్లు నింపి తీసుకురండి. ముందే తట్టుకోలేనని తెలిస్తే, భోజనం అయ్యాక జరిగే కబుర్లకు మాత్రమే వస్తానని అత్తయ్యగారికి చెప్పడంలోనూ తప్పు లేదు. మీవారికో మీ ఆవిడకో మాత్రం ముందే చెప్పి ఉంచండి, "నా తరఫున ఎవరితోనూ వాదించొద్దు, పక్కన ఉండు చాలు" అని.

ఇక మీ చివరి ప్రశ్న, తెలియకుండా పాలున్నది తినేస్తే ఏం చేయాలని. ఏమీ చేయొద్దు. అలర్జీ లేనప్పుడు అక్కడే ఉమ్మేయడం, ఎవరు వేశారని విచారించడం వల్ల ఒక్క జంతువుకూ మేలు జరగదు. 1944లో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు బ్రిటన్‌లో మొదలుపెట్టిన వీగన్ సొసైటీ ఇప్పటికీ వాడే నిర్వచనంలో "సాధ్యమైనంతవరకు, ఆచరణలో కుదిరినంతవరకు" అన్న షరతు ఉంది. వేరేవాళ్ల వంటింట్లో ఆ షరతు మీకోసమే. పళ్లెంలో ఆ ముక్కను పక్కకు జరిపి మిగతాది తినండి. ఎలా పడిందో అర్థమైతే, ఆ సంగతి వచ్చేసారి ఫోన్‌లో అడగాల్సినవాటిలో చేర్చుకోండి. ఈసారికి మీ అత్తయ్యగారు చేస్తున్న వంటకాల పేర్లు ఇక్కడ రాస్తే, ఏ గిన్నెలోంచి ఏ సమయంలో తీసి పెట్టుకోవాలో ఒక్కొక్కటీ చెప్తాను.